రామన్ గారి జీతం

(అనంతపురంలో సైన్స్ డే సభలో ఎమ్మెస్సీ, ఎంసీఏ విద్యార్థులతో)

వేదిక మీది పెద్దలకు నమస్కారం. రామన్ ఎఫెక్ట్ గురించి ఇందాక ముగ్గురు చెప్పినారు, నేను చెప్పను. రామన్ గారి జీతం గురించి చెప్తా.

ఏటా ఫిబ్రవరి 28న ఒక మాట వింటాం. పగలు కలకత్తాలో ఆఫీసు, మిగతా టైమంతా ప్రయోగాలు, మీరూ అట్లా కష్టపడండి అని. నిజమే. కానీ 1907 నుంచి పదేళ్లు ఆయన ఆర్థిక శాఖలో అధికారి. నెల తిరిగితే జీతం. ఆ ముక్క ఎవరూ చెప్పరు. ఆ ముక్క తెలియకనే నేను మునిగినా.

ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరినా. తెల్లవారుజామున ఒక జూనియర్ కాలేజీలో స్టడీ అవర్, తర్వాత ల్యాబు. కెమికల్స్‌కు నా డబ్బే. రెండో ఏడు మా అమ్మ శెనక్కాయలమ్మి ఇచ్చింది. మూడో ఏడు వాన లేదు. మొత్తం ఏడేళ్లు.

దానికి ముందు ఒకరోజు బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జి తింటాన్నా. పొట్లం కాగితం మీద బెంగుళూరులో జేఆర్‌ఎఫ్, అంటే నెలనెలా డబ్బిచ్చే రీసెర్చ్ ఫెలోషిప్, ఖాళీ ఉందని, నా సబ్జెక్టే, నేరుగా ఇంటర్వ్యూకు రమ్మని. తేదీ మీద నూనె మరక. వెలుతురుకు పట్టి చూస్తే నాలుగు రోజుల కిందటే అయిపోయింది. బెంగుళూరు ఎంత దూరమప్పా మనకు? ఆ కాగితం ఇంకా నా బీరువాలో ఉంది.

మీకు ఫోనుంది. జేఆర్‌ఎఫ్ ఇచ్చే నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000, రెండేళ్లయినాక 42,000, ఇంటద్దె వేరే. కంప్యూటర్స్ వాళ్లు సైన్సు సబ్జెక్టుల సీఎస్‌ఐఆర్ నెట్‌లో వెతకొద్దు, మీ సబ్జెక్టు యూజీసీ నెట్‌లో ఉంది. జర్మనీలో చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే. ప్రకటనలో ఈ13 అని, అంటే అక్కడి జీతం గ్రేడు, కనపడగానే సంబరపడొద్దు, పక్కన ఆ జీతంలో 65 శాతమా 100 శాతమా చూడండి. అమెరికాలో చాలా యూనివర్సిటీల అప్లికేషన్ గడువు డిసెంబరు, మీరు సెమిస్టర్ పరీక్షల గొడవలో ఉండే నెల.

డబ్బెంత, ఎన్నేళ్లిస్తారు, ప్రాజెక్టు మధ్యలో ఆగితే నా గతేంది? అడగండి. "చదువు కోసమొచ్చినావా, డబ్బు కోసమా" అంటారు. నన్నూ అన్నారు. తలొంచుకున్నా. మీరొంచుకోవద్దు.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తాన్నారు, చూడనీండి.

ఇందాక వరండాలో ఒకమ్మాయి పీహెచ్‌డీ కోసం రాసిన మెయిల్ చూపించింది. "రెస్పెక్టెడ్ సర్" అని ఒకే మెయిల్ నలభైమంది ప్రొఫెసర్లకు. అందరి అడ్రసులూ అందరికీ కనపడతాన్నాయి. వాళ్లలో తొమ్మిదిమంది ఆడవాళ్లు! ఒక్క జవాబూ రాలేదంట. యాడున్నావమ్మా? ముందుకు రా. ఆ తొమ్మిదిమందిలో ఒకామెను ఎంచుకో. ఆమె పేపరొకటి కడదాకా చదువు. ఏం అర్థమైందో రెండు వాక్యాలు, నువ్వేం చేసినావో నాలుగు వాక్యాలు రాయి. సభ అయినాక ఆ మెట్ల మీద కూర్చుందాం. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నావా?