పరాయి నగరంలో మనిషిని పలకరించడం: బరంపురం నుంచి విదేశం వెళ్లే తెలుగువారి కోసం

అందరికీ నమస్కారం.

బరంపురం బజారులో కొట్టు ముందు నిలబడ్డ మనిషి, లోపలున్న ఆసామి మొహం చూసి తెలుగులో అడగాలా ఒడియాలో అడగాలా అన్నది రెప్పపాటులో తేల్చుకుంటాడు. తెలుగులో మొదలెట్టి, అవతలివాడు ఒడియా మనిషని తెలియగానే ‘ఆజ్ఞా’ అంటూ అటు మళ్లిపోతాడు. సగం భాషతో పని జరుపుకోవడం మనకు నామోషీ కాదు. విదేశంలో చాలామందికి నోరు పెగలనిది ఆ నామోషీ వల్లే కాబట్టి, మీరు సగం దూరం ముందే నడిచి ఉన్నట్టు. 2023లో భువనేశ్వర్ నుంచి సింగపూర్‌కూ బ్యాంకాక్‌కూ నేరుగా విమానాలు మొదలయ్యాక ఇక్కడి నుంచి వెళ్లడం తేలికైంది. ఇవాళ ఎక్కువగా సింగపూర్, టోక్యోల గురించి చెబుతాను.

పర్యాటకులు మూగే చోట స్థానికుడు ఉండడు. ఉంటే ఏదో అమ్ముతూ ఉంటాడు. అతను రోజూ వచ్చే చోటికి, అతనికి తీరిక ఉన్న వేళకు మీరు వెళ్లాలి.

సింగపూర్‌లో ఆ చోటు హాకర్ సెంటర్. ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఆ తిండి సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఆఫీసులవాళ్లు గబగబా తిని లేచిపోతారు, అప్పుడు పలకరిస్తే విసుక్కుంటారు. పొద్దున్న ఎనిమిది, పది మధ్యనో, మూడింటికో వెళ్లండి. పెద్దవాళ్లు కాఫీ కప్పు ముందు పెట్టుకుని తీరిగ్గా కూర్చుని ఉంటారు. ఖాళీ బల్ల మీద టిష్యూ కాగితాల పొట్లం కనిపిస్తే అది ఎవరో మరిచిపోయింది కాదు, ఆ చోటు పట్టుకున్నట్టు గుర్తు. దాన్ని ‘చోప్’ అంటారు. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు విసిరే మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

కుర్చీ ఖాళీగా ఉంటే ‘కెన్ షేర్, అంకుల్?’ అనండి. పెద్దవాళ్లను అంకుల్, ఆంటీ అనడం అక్కడ మర్యాదే. కాఫీ అడగడం నేర్చుకుని వెళ్లండి. ‘కోపి’ అంటే చిక్కటి తీపి డబ్బాపాలతో, ‘కోపి ఓ’ అంటే పాలు లేకుండా చక్కెరతో, ‘కోపి ఓ కొసొంగ్’ అంటే రెండూ లేకుండా. మీ నోట ఈ మాట సరిగ్గా వస్తే పక్క బల్లవాళ్లు తలెత్తి చూస్తారు. ఇక ప్రశ్న. ‘ఇక్కడ ఏం బాగుంటుంది?’ అంటే జవాబు ‘అన్నీ బాగుంటాయి’ దగ్గర ఆగిపోతుంది. రెండు కొట్లు చూపించి ‘ఇదా, అదా?’ అనండి. అటొకరు ఇటొకరు చేరి వాదించుకుంటారు, మీరు వింటే చాలు.

శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోవాలి. కూరగాయలే కదా అనుకున్న వంటకంలో ఎండు రొయ్యల ముద్దో చేపల సాసో ఉండొచ్చు. ‘నో మీట్, నో ఫిష్, నో ప్రాన్, నో ఎగ్’ అని విడివిడిగా చెప్పండి. తిన్నాక ట్రే మీరే తిరిగి పెట్టాలి. 2021 నుంచి అది చట్టం కూడా. హలాల్ ట్రేలకు వేరే అర ఉంటుంది, కలపకండి. ఎంగిలి పళ్లెం బల్ల మీద వదిలేస్తే, అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన ఆంటీయే మొహం తిప్పుకుంటుంది. మన జిల్లావాళ్లకు మరొకటి: గుట్కా, ఖైనీ సంచిలో పెట్టుకెళ్లకండి. నమిలే పొగాకు ఆ దేశంలోకి తేవడమే నేరం.

మాటల్లో ‘మీదెక్కడ?’ వస్తుంది. ‘ఇండియా’ అని ఊరుకోకండి. మూడు వాక్యాలు సిద్ధంగా ఉండాలి. మాది కోల్‌కతాకూ చెన్నైకీ మధ్య సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. ఇంట్లో ఒక భాష, బజారులో ఇంకోటి. మా ఊరు 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, తర్వాత ఒడిశాలోకి వచ్చింది. రెండో వాక్యం దగ్గర సింగపూర్ పెద్దవాళ్లు పట్టుకుంటారు, ఎందుకంటే వాళ్ల ఇళ్లలోనూ హొక్కియెన్‌నో తియోచూనో, అంటే ఏదో ఒక చైనా ప్రాంతపు భాష, బయట ఇంకోటి. ఫోన్‌లో ఐదారు ఫొటోలు విడిగా పెట్టుకోండి: గోపాలపురం రేవు, చిలికలో పక్షులు, ఠాకురాణి యాత్ర వేషాలు, మీ వాకిలి ముగ్గు. వందల ఫొటోల్లో వెతుకుతూ కూర్చుంటే ఎదుటి మనిషి లేచిపోతాడు.

టోక్యోలో ఈ పద్ధతి నడవదు. రైల్లో పలకరించకండి, ఫోన్‌లో మాట్లాడకండి. అక్కడ ముందు పక్కన నిలబడాలి, మాట తర్వాత. అందుకు చక్కటి చోటు ‘రాజియో తైసో’. 1928లో మొదలైన రేడియో వ్యాయామం అది. పొద్దున్న సరిగ్గా ఆరున్నరకు ఎన్‌హెచ్‌కే రేడియోలో పియానో మొదలవగానే పార్కుల్లో పెద్దవాళ్లు చేతులు పైకెత్తుతారు. పది నిమిషాల పని. ఐదు నిమిషాలు ముందే వెళ్లి, వెనక వరసలో నిలబడి, ముందువాళ్లను చూసి చేయండి. అయ్యాక కొంచెం వంగి ‘ఒహాయో గొజాయిమాస్’ అనండి. మొదటి రోజు తల మాత్రం ఊపుతారు. అదే పార్కుకు మర్నాడూ, మూడోనాడూ వెళ్లండి. రోజుకో పేట మార్చే ప్రయాణికుడికి టోక్యోలో పరిచయాలు కలగకపోవడానికి కారణం జపాన్‌వాళ్ల బిడియం కంటే అతని తొందరే.

రాత్రి తిండికి వంటవాడి ఎదుట పొడవాటి బల్ల ముందు వరసగా కూర్చునే చిన్న హోటల్ చూసుకోండి. ‘ఒసుసుమే?’ అంటే ‘మీరు ఏది తినమంటారు?’ అని. అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో పెట్టి మూడు, నాలుగు వందల యెన్ వేస్తే అది మోసం కాదు, కూర్చున్నందుకు వేసే ‘ఒతోషి’. దారి తప్పితే ‘కోబాన్’ అనే చిన్న పోలీసు గదికి వెళ్లండి, మ్యాపు తీసి చూపిస్తారు.

అనువాద యాప్ గురించి. తెలుగులో కర్త మింగేయడం మన అలవాటు. ‘రేపు వస్తే చూద్దాం’ అంటే ఎవరు వస్తే, ఏం చూద్దాం? యంత్రం తోచిన మనిషిని పెట్టేస్తుంది. ‘నేను రేపు ఉదయం ఇక్కడికి వస్తాను’ అని పూర్తిగా చెప్పండి. సామెతలు, వెటకారం వద్దు. వచ్చిన జపనీస్ వాక్యాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పి చూసుకున్నాకే చూపించండి. మనం మొదటి పరిచయంలోనే అడిగే ‘పెళ్లయిందా, జీతమెంత?’ అక్కడ నోట రానీయకండి. ‘భోంచేశారా?’ మాత్రం సింగపూర్‌లో నిక్షేపంలా చెల్లుతుంది, వాళ్లూ అలాగే పలకరించుకుంటారు.

ముందే కుదుర్చుకునే పద్ధతులూ ఉన్నాయి. న్యూయార్క్‌లో 1992 నుంచి బిగ్ యాపిల్ గ్రీటర్ అనే సంస్థ ఉంది. ఊరివాళ్లే తమ పేట ఉచితంగా నడిపించి చూపిస్తారు, బహుమతి డబ్బులు పుచ్చుకోరు. నెల ముందే రాయాలి. జపాన్‌లో గుడ్‌విల్ గైడ్లూ అంతే, కాకపోతే వాళ్ల రైలు ఛార్జీ, ప్రవేశ టిక్కెట్టు మీరు పెట్టుకోవాలి. లండన్‌లో శనివారం పొద్దున్న తొమ్మిదికి పార్కుల్లో పార్క్‌రన్ జరుగుతుంది. ఐదు కిలోమీటర్లు, నడిచినా చాలు. ముందు పేరు నమోదు చేసుకుని బార్‌కోడ్ తీసుకెళ్లండి. అసలు కబుర్లు పరుగయ్యాక కాఫీ దగ్గర.

ఇక మోసం. స్నేహంగా మాట్లాడేవాడిని ఎలా వడగట్టాలి? రెండే చూడండి. మాట ఎవరు మొదలెట్టారు, చోటు ఎవరు మార్చమంటున్నారు? మీరు మొదలెట్టి, కూర్చున్నచోటే మాట సాగితే భయం తక్కువ. అతనే వచ్చి పలకరించి, ‘పదండి, ఇంకో చోటికి’ అంటే ఆగిపోండి. బ్యాంకాక్‌లో ప్యాలెస్ దగ్గర మంచి బట్టలేసుకున్న మనిషి ‘ఇవాళ మూసేశారు’ అని, ఇరవై భాట్‌లకే ఊరంతా తిప్పే టుక్‌టుక్ చూపిస్తాడు. అది రత్నాల కొట్టు దగ్గర ఆగుతుంది, డ్రైవర్‌కు అక్కడ కమీషను. మూశారో లేదో గేటు దాకా నడిచి మీరే చూసుకోండి. షాంఘైలో ‘ఇంగ్లీషు మాట్లాడుకుందాం’ అంటూ టీ తాగడానికి పిలిచే కుర్రకారు, టోక్యోలో బార్లు ఎక్కువుండే కబుకిచో పేటలో బారుకు రమ్మనే మనిషి, ఇద్దరిదీ ఒకటే దారి: ధర రాసి లేని గది, చివర్లో గుండె ఆగే బిల్లు. బ్యాంకాక్‌లో టూరిస్టు పోలీసు నంబరు 1155, టోక్యోలో పోలీసు 110, సింగపూర్‌లో 999. విమానం దిగకముందే ఫోన్‌లో వేసుకోండి.

పరిచయం కుదిరితే సింగపూర్‌లో వాట్సాప్, జపాన్‌లో లైన్ అనే యాప్ అడగండి. తీసుకున్న ఫొటో ఆ సాయంత్రమే పంపండి, వారం దాటితే మీరెవరో వాళ్లకు గుర్తుండదు. టోక్యో మనకంటే మూడున్నర గంటలు ముందు, ఇంటికొచ్చాక రాత్రి పదింటికి మెసేజ్ పెడితే అక్కడ ఒంటిగంటన్నర. కానుకగా తినేవాటి జోలికి పోకండి, విమానాశ్రయంలో తనిఖీ తలనొప్పి. పట్టచిత్రం వేసిన చిన్న బుక్‌మార్కో, బరంపురం పట్టు ముక్కతో కుట్టిన చేతిసంచో చాలు. చైనీస్ కుటుంబానికి గడియారం ఇవ్వకండి, వాళ్ల భాషలో ఆ మాట చావును గుర్తుచేస్తుంది. జపాన్‌లో నాలుగు వస్తువుల సెట్టు ఇవ్వకండి, కారణం అదే. రెండు చేతులతో ఇవ్వండి. వెంటనే విప్పి చూడకపోతే నచ్చలేదనుకోకండి, మీరు వెళ్లాక విప్పుతారు.