ధ్రువపు మంచులో ఉప్పు జాడ

సభకు నమస్కారం. నెల్లూరులో మంచు గురించి మాట్లాడమంటే మొదట నాకే నవ్వు వచ్చింది. అయితే ఇస్కపల్లి వైపు ఉప్పు మడుల్లో పనిచేసే కుటుంబాల పిల్లలు కూడా ఈ సభలో ఉన్నారని నిర్వాహకులు చెప్పాక, నా విషయానికి ఇంతకన్నా తగిన ఊరు దొరకదనిపించింది. ఎందుకంటే ఈరోజు నేను చెప్పబోయేది ముఖ్యంగా ఉప్పు కథే: ఒకప్పుడు అంటార్కిటికా చుట్టూ సముద్రం మీద మంచు ఎంత ఉండేదో ఉప్పును బట్టి ఎలా తెలుసుకుంటారన్నది.

అంటార్కిటికా నడిబొడ్డున చాలాచోట్ల ఏటా కురిసే మంచును కరిగించి కొలిస్తే మూడు సెంటీమీటర్ల నీరు మించదు. కార్తీకంలో వాయుగుండం పడితే మనకు ఒక్క పూటలోనే అంతకన్నా ఎక్కువ వాన పడుతుంది. కానీ అక్కడ పడినది కరగదు. పొర మీద పొర పేరుకుని, పై బరువుకు గట్టిపడి, కిలోమీటర్ల మందాన నిలిచిపోతుంది. దాన్ని గొట్టపు బరమాతో తొలిచి పొడవాటి కడ్డీలుగా పైకి తీస్తారు. డోమ్ సి అనే చోట ఐరోపా శాస్త్రజ్ఞులు 3,200 మీటర్లకు పైగా తొలిచి 8,00,000 ఏళ్ల చరిత్రను వెలికితీశారు. 2025 జనవరిలో దానికి దగ్గరలోనే 2,800 మీటర్ల లోతుకు చేరి, 12 లక్షల ఏళ్ల నాటి మంచును అందుకున్నారు. ఆ మంచులో చిక్కుకున్న గాలి బుడగలు ఆనాటి కార్బన్ డయాక్సైడ్‌ను, నీటిలోని బరువైన ఆక్సిజన్ పాలు ఆనాటి చలిని తెలుపుతాయన్న సంగతి చాలామందికి తెలిసినదే కనుక అక్కడ ఆగను.

చిక్కంతా సముద్రం మీద తేలే మంచుతోనే. అంటార్కిటికా చుట్టూ అది చలికాలం ముగిసేనాటికి దాదాపు 1.8 కోట్ల చదరపు కిలోమీటర్లకు, అంటే మన దేశానికి అయిదింతలకు పైగా విస్తరించి, వేసవి చివరికి అందులో ఆరో వంతుకు తగ్గిపోతుంది. కరిగిన మంచు నీళ్లలో తన గుర్తు మిగల్చదు. ఉపగ్రహాలు దాన్ని ఎడతెగకుండా కొలవడం 1978 చివర్లోనే మొదలైంది. అంతకు ముందరి సంగతి తెలియాలంటే, గాలి మోసుకెళ్లి నేలమీది మంచులో పడేసిన ఉప్పును అడగాలి.

సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టడం చూసిన మనం, సముద్రం గడ్డకట్టి గడ్డకట్టని నీళ్లు దూరం జరిగితే లోపలికి చేరే ఉప్పు తగ్గుతుందనుకుంటాం. మంచుయుగపు పొరల్లో మాత్రం ఇప్పటికన్నా ఎక్కువ ఉప్పు కనబడింది. ఆనాటి గాలుల బలమే కారణమని కొందరన్నారు. ఉప్పు పుట్టేది తేలే మంచు మీదేనని మరికొందరన్నారు: సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి నెట్టేస్తుంది, ఆ చిక్కటి ఉప్పునీరు పైనున్న మంచులోకి ఇంకుతుంది, ఈదురుగాలి ఆ మంచు పొడిని ఎగరేసుకుపోతుంది.

ఈ తగవు తీర్చడానికి ఉప్పు మడి తర్కమే పనికొచ్చింది. మడిలో నీరు ఇగిరేకొద్దీ లవణాలన్నీ ఒక్కసారే దిగవు; జిప్సం ముందు, మన వంట ఉప్పు తర్వాత దిగి, చివరికి చేదు నీరు మిగులుతుంది. గడ్డకట్టే సముద్రంలోనూ ఒక వరుస ఉంది. సున్నాకు కొన్ని డిగ్రీల దిగువన సోడియం సల్ఫేట్ అనే లవణం ముందే గడ్డకట్టి విడిపోతుంది గనుక, మిగిలిన ఉప్పునీటిలో సల్ఫేట్ కొరవడుతుంది. నేరుగా అలల తుంపర నుంచి వచ్చిన ఉప్పులో ఆ కొరత ఉండదు. అంటార్కిటికా తీరంలో చలికాలపు మంచును పరీక్షిస్తే కొరత కనబడింది. అంటే తేలే మంచు నుంచి ఉప్పు లేచి వస్తున్నమాట నిజమే.

అయినా ఈ సాక్షిని పూర్తిగా నమ్మకూడదు. ఖండం లోపలి మంచులో, సముద్రపు నాచు నుంచి పుట్టిన సల్ఫేట్ వచ్చి కలవడంతో ఆ కొరత మరుగునపడుతుంది. ఒక ఏడాది తుఫానులు ఎక్కువైతే లెక్క తారుమారవుతుంది. వేల ఏళ్ల మార్పులకు ఉప్పును నమ్ముతాను గానీ, ఏటికేటి లెక్కకు నమ్మను.

అందుకు రెండో సాక్షి ఉంది. మంచు అంచున పెరిగే సూక్ష్మ నాచు విడిచే గంధక వాయువు గాలిలో మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లంగా మారి మంచులో పడుతుంది. తూర్పు అంటార్కిటికా తీరంలోని లా డోమ్ దగ్గర తీసిన కడ్డీలో ఈ ఆమ్లాన్ని ఉపగ్రహ కొలతలతో సరిచూసి, 1950ల నుంచి ఆ వైపు సముద్రపు మంచు దాదాపు 20 శాతం తగ్గిందని 2003లో ప్రకటించారు. అది ఒక వైపు సముద్రానికే చెందిన మాట. అంటార్కిటికాకు మరో పక్కనున్న వెడెల్ సముద్రం వైపు ఇదే ఆమ్లం గాలుల దిశను బట్టి తలకిందులుగా, అంటే మంచు పెరిగితే తాను తగ్గేలా, నడిచింది. పైగా మంచు తక్కువ కురిసే చోట్ల ఈ ఆమ్లం పొరల్లో నిలవక తప్పించుకుపోతుంది.

మన దేశానికి అక్కడ మైత్రి, భారతి కేంద్రాలున్నాయి. మంచు కడ్డీలను పరీక్షించే అతిశీతల ప్రయోగశాల గోవాలో ఉంది. ఈ పనిలో వెతికే ఉప్పు ఖండం లోపల వంద కోట్ల పాళ్లలో కొన్ని పదుల పాళ్లు మాత్రమే. అందుకే కడ్డీ పైపొరను చెక్కి పారేసి, లోపలి భాగాన్నే కరిగిస్తారు. చేతి చెమట చుక్క ఒక్కటి పడినా ఆ ముక్క పనికిరాదు. మీలో ఎవరైనా రేపు ఆ గదిలోకి వెళితే, కృష్ణపట్నం గాలి తగిలిన చొక్కాను బయటే విడిచి వెళ్లాల్సి ఉంటుంది.