మీథింక్స్: కర్త కనిపించని క్రియ

సభాధ్యక్షులకు, భాషాభిమానులకు నమస్కారం.

షేక్స్‌పియర్‌ను చదివినవారికి ‘మీథింక్స్’ అనే పాత ఇంగ్లీషు క్రియ పరిచితమే. ‘ఐ థింక్’ అనవలసిన చోట ఛందస్సు కోసం కవి అలా రాశాడని చెప్పి తరగతి గదుల్లో దాటవేస్తుంటారు. అందులోని ‘మీ’ నిజంగా కర్తే అయితే, క్రియ చివర ప్రథమపురుష ఏకవచనానికి చెందిన ‘స్’ ఎందుకు చేరిందో ఆ వివరణ చెప్పదు.

ప్రాచీన ఆంగ్లంలో రెండు క్రియలు ఉండేవి: ఆలోచించడం అనే అర్థంలో ‘థెంచన్’, తోచడం అనే అర్థంలో ‘థ్యుంచన్’. జర్మన్ భాషలో వీటి తోబుట్టువులు ‘డెంకెన్’, ‘డ్యుంకెన్’ నేటికీ విడివిడిగానే ఉన్నాయి, రెండోది పాతబడినా సరే. ఇంగ్లీషులో మాత్రం అచ్చుల ఉచ్చారణ మారి, మధ్యయుగాల చివరి దశ నాటికి రెండూ ‘థింక్’ అనే ఒకే రూపంలో కలిసిపోయాయి. 14వ శతాబ్దిలో ఆంగ్ల కవి చాసర్ రాసిన ‘మీ థింకెత్’లో ఉన్నది ఆ రెండో క్రియే, అక్కడ ‘మీ’ అంటే ‘నాకు’, మొత్తానికి అర్థం ‘నాకు తోస్తుంది’.

తెలుగువారికి ఈ నిర్మాణం కొత్తది కాదు. నచ్చడం, తెలియడం, ఆకలి వేయడం అన్నీ మనకు ‘నాకు’లోని ‘కు’ వంటి ప్రత్యయంతోనే జరుగుతాయి. నన్ను ఎక్కువగా ఆకర్షించేది మరొకటి: ఇంగ్లీషులో తోచడమే మూలార్థం కాగా, ఆలోచించడం ‘తనకు తోచేలా చేసుకోవడం’ అనే ప్రేరణార్థం నుంచి వచ్చింది, తెలుగులో ‘అను’ ధాతువుకు ప్రేరణార్థక ప్రత్యయం చేరి, తోచడాన్ని తెలిపే ‘అనిపించు’ అయింది. దారులు ఎదురెదురు.

ఇంగ్లీషులో విభక్తి ప్రత్యయాలు అరిగిపోయి, ‘రాజుకు’, ‘రాజు’ ఒకేలా వినిపించసాగాక, క్రియకు ముందున్న పదమే కర్త అనే అలవాటు బలపడింది. మొదట ‘నచ్చు’ అనే అర్థమున్న ‘లైక్’ ఈ కారణంగానే ‘ఇష్టపడు’గా మారింది. మీథింక్స్ మాత్రం ఒకే మాటగా అతుక్కుపోయి ఆ మార్పును తప్పించుకుంది.

షేక్స్‌పియర్ నాటకం హామ్లెట్ మూడో అంకంలో, నాటకంలోని నాటకం చూస్తూ గెర్ట్రూడ్ రాణి, అందులోని రాణి పాత్ర మరీ ఎక్కువ ఒట్లు పెడుతోందని ‘ప్రొటెస్ట్’ అనే మాటతో చెప్పి, చివర ‘మీథింక్స్’ అంటుంది. అప్పట్లో ‘ప్రొటెస్ట్’ అంటే గట్టిగా ప్రమాణం చేయడమే, నిరసన కాదు. ఇప్పుడు ఆ వాక్యాన్ని ఉటంకించేవారు చాలామంది మీథింక్స్‌ను ముందుకు లాగి, ఎదుటివారు అతిగా బుకాయిస్తున్నారని ఎగతాళి చేయడానికి వాడుతున్నారు.