అక్కి పోయింది, మంట పోలేదు

అందరికీ నమస్కారమండి. షుగర్ వాళ్ళ కాళ్ళ మంటల గురించి ఓ అరగంట మాట్లాడమన్నారు, సరే గానీ ట్రమడాల్, మార్ఫిన్ అనే నల్లమందు జాతి నొప్పి మందుల గురించి కూడా చెప్తానంటే సెక్రటరీ గారు కొంచెం కంగారు పడ్డారు. మీరు మసాలాలో వేసే గసగసాలున్నాయే, ఆ మొక్క పచ్చి కాయకి గాటు పెడితే కారే పాలే ఎండి నల్లమందు అవుతుంది, దాన్నుంచే మార్ఫిన్ తీస్తారు.

ముందు ఒక పెద్దాయన గురించి చెప్తాను. ఈయన మంట అక్కి వల్ల వచ్చింది, కానీ షుగర్ మంటలాగే అదీ నరాల నొప్పే. డెబ్భై దాటాయి. ఛాతీకి ఒకవైపు అక్కి లేచింది, పొక్కులు మూడు వారాల్లో ఎండిపోయాయి గానీ మంట మాత్రం ఏడాదిన్నర అయినా పోలేదు, చొక్కా గుడ్డ తగిలినా కారం పూసినట్టు ఉండేదట, ఇంట్లో పంచె మీదే తిరిగేవాడు, పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళడం మానేశాడు. అప్పటికే డైక్లోఫెనాక్ అనే మామూలు నొప్పి మాత్రలు డబ్బాల కొద్దీ మింగేశాడు. దెబ్బ తగిలితే వచ్చే నొప్పి వేరు, నరమే చెడితే వచ్చే నొప్పి వేరు. కాలింగ్ బెల్ ఇరుక్కుపోయి ఎవరూ నొక్కకపోయినా మోగుతూనే ఉందనుకోండి, గుమ్మంలో ఎవరున్నారో వెతికితే ఏం లాభం? డైక్లోఫెనాక్ చేసేది ఆ వెతుకులాటే, పైగా కిడ్నీలు పాడు.

నరాల నొప్పికి మొదట ఇచ్చేవి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్. చాలామందికి వీటితోనే కొంతైనా తగ్గుతుంది. ఈయనకి అమిట్రిప్టిలిన్ ఇస్తే మూత్రం ఆగిపోయింది, గాబాపెంటిన్ పెంచితే బాత్‌రూమ్‌లో తూలి పడ్డాడు. అప్పుడు గాబాపెంటిన్‌ని తట్టుకునే డోసుకి దించి, దానికి ట్రమడాల్ 50 మిల్లీగ్రాముల మాత్ర రాత్రి ఒకటి కలిపాను.

ఇలా రెండు మందులు కలపడాన్ని, ట్రమడాల్ బదులు మార్ఫిన్‌తో, కెనడాలో పరీక్షించి చూశారు, 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. షుగర్ నరాల నొప్పి, అక్కి తర్వాత నొప్పి ఉన్న 57 మందితో మొదలుపెట్టారు, చివరిదాకా ఉన్నవాళ్ళు 41 మందే. పదికి 5.72 ఉన్న నొప్పి గాబాపెంటిన్ ఒక్కదానితో 4.15కి, మార్ఫిన్ ఒక్కదానితో 3.70కి, రెండూ కలిపితే 3.06కి వచ్చింది. కలిపినప్పుడు రోజుకి తట్టుకోగలిగిన మార్ఫిన్ సుమారు 34 మిల్లీగ్రాములు, విడిగా అయితే 45. పోలిక కోసం ఇచ్చిన, నొప్పికి పనిచేయని మాత్రతో కూడా 4.49కి దిగింది, అది దాచి చెప్పే డాక్టర్‌ని నమ్మకండి. అంటే మంత్రం కాదు, నొప్పి సగానికి దగ్గరగా తగ్గిందంతే, అది కూడా కొన్ని వారాల పరీక్షలో. ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో దీన్ని బట్టి చెప్పలేం, అందుకే నేను మొదలుపెట్టే రోజే ఆపే తారీఖు కూడా చీటీ మీద రాస్తాను. నొప్పి తగ్గలేదా, వెంటనే డోసు పెంచను, మెల్లగా తీసేస్తాను. అమెరికాలో 1996 తర్వాత ఈ జాతి మందులు పెంచుకుంటూ పోయారు, ఎంతమంది వాటికి బానిసలై చనిపోయారో పేపర్లో చదివే ఉంటారు.

ఇప్పుడు జాగ్రత్తలు, ఫోన్లు పక్కన పెట్టి వినండి. ట్రమడాల్, మార్ఫిన్‌లని నిద్రమాత్రలతో గానీ మద్యంతో గానీ కలిపి వేసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. కల్లు తాగితే ఏం కాదులే అంటారు కొందరు, కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, అదీ నిద్రమాత్రే! గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ కూడా మత్తుని పెంచుతాయి, కాబట్టి గురక ఎక్కువున్నవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. ఫిట్స్ ఉన్నవాళ్ళకి ట్రమడాల్ వద్దు, డిప్రెషన్ మందులు వాడేవాళ్ళు ఆ చీటీ తప్పకుండా చూపించాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, కొన్నాళ్ళకి అలవాటైపోతుందిలే అనుకోకండి, పోదు, మొదటి రోజు నుంచే విరేచనం మందు ఉండాలి.

ఇంకోటి, 2018 నుంచి ట్రమడాల్ కూడా ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందులని అదుపు చేసే చట్టం కిందకి వచ్చింది. పక్కింటాయనకి పనిచేసిందని రెండు మాత్రలు అప్పు తెచ్చుకోవడాలు, మనవడితో చీటీ లేకుండా తెప్పించుకోవడాలు వద్దు, డబ్బా బీరువాలో పెట్టి తాళం వేయండి.

ఆ పెద్దాయన ఆరు వారాల తర్వాత వచ్చాడు. పదికి ఎంత అంటే ఐదో ఆరో అన్నాడు, పెద్ద తేడా లేదే అనుకున్నా. వాళ్ళావిడ మాత్రం "డాక్టర్ గారూ, మీరాయన్ని చూడట్లేదా, చొక్కా వేసుకొచ్చారు" అంది. కాటన్ చొక్కా, గుండీలు కూడా పెట్టుకున్నాడు. ఇప్పుడు సగం మాత్రకి దించాం, వచ్చే నెల అదీ తీసేసి చూస్తాం.

మైక్ ఒకసారి వెనక్కివ్వండి, ఆ అమ్మ ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉంది.