“సైకాలజిస్టు దగ్గరికి పంపిస్తా” అనకండి

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న టీచర్లందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలనే ఉంది గానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలే.

స్కూల్ సైకాలజిస్టు పనిలో తృప్తి, కష్టం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. “ఇంకోసారి అల్లరి చేశావో, సైకాలజిస్టు దగ్గరికి పంపిస్తా!” అని మీలో ఎంతమంది అన్నారు? చేతులెత్తక్కర్లేదు, మనసులో ఒప్పుకుంటే చాలు. ఆ మాట విన్న పిల్లవాడు నా గుమ్మం తొక్కగానే “నేనేం తప్పు చేశాను మేడమ్?” అంటాడు. తప్పేమీ లేదని నమ్మించడానికే వారాలు పడుతుంది నాకు.

ఈ వృత్తి అలా పుట్టలేదండీ. 1896లో అమెరికాలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ మొట్టమొదటి సైకాలజీ క్లినిక్ తెరిచారు. అక్కడికి వచ్చిన తొలి పిల్లవాడికి స్పెల్లింగులు వచ్చేవి కావు. తీసుకొచ్చిందెవరు? ఒక టీచరు! ఎందుకు రావట్లేదో తెలుసుకుందామని. చూస్తే వాడికి కంటిచూపులో లోపం. అద్దాలు పెట్టించారు, దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పించారు. 1905లో ఫ్రాన్స్‌లో బినే, సిమోన్ తయారుచేసిన తెలివితేటల పరీక్ష కూడా అంతే. ఏ పిల్లలకు అదనపు సాయం కావాలో కనిపెట్టడానికి చేసింది. ఇప్పుడు అందులోంచి వచ్చిన అంకెనే పిల్లల నుదుటి మీద అంటిస్తున్నాం.

ఇక కష్టాలు. అమెరికాలోని స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం 500 మంది విద్యార్థులకు ఒకరుండాలంటుంది. నా చేతిలో అంతకు ఎన్నో రెట్లమంది. రిపోర్టులు రాయడానికే సగం వారం పోతుంది. ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, ఒక పాప సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

కుర్చీలు విసిరే ఒక పిల్లవాణ్ణి గమనించమని నన్ను పిలిచారు. ఆ తరగతిలో చివరి బెంచీలో కూర్చుని వాడి గురించి పేజీలు నింపాను. వాడి పక్క వరసలోనే ఈ పాప. అడిగితే అందరిదీ ఒకే మాట: “బంగారు తల్లి, నోరెత్తదు.” నేనూ సరేననుకున్నాను. నేనూ అనుకున్నానండీ, ఇంత చదువుకుని!

నెల తర్వాత ఆ కుర్చీలు విసిరేవాడే నాతో అన్నాడు: “నన్నెందుకు పిలుస్తారు మేడమ్? ఆ అమ్మాయిని పిలవండి. మాట్లాడి చాలా రోజులైంది.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ పాప నా గదికి నాలుగుసార్లు వచ్చింది. బొమ్మలు గీసింది, మాట లేదు. అయిదోసారి వెళ్తూ వెళ్తూ “రేపు కూడా ఉంటారా?” అంది. మర్నాడు నేను ఇంకో స్కూల్లో ఉండాలి. ఉండనని చెప్పాల్సి వచ్చింది. నా ఉద్యోగంలో కష్టమేమిటని మళ్లీ ఎవరైనా అడిగితే ఆ ఒక్క జవాబే చెబుతాను. ఆమె మనసులో ఏముందో మాత్రం మీకు చెప్పను, అది ఆమె సొంతం.

కొన్ని నెలలకు నా గుమ్మంలో నిలబడి, “ఇవాళ రాను మేడమ్, మాకు ఆటుంది” అని పరుగెత్తింది. గుమ్మం దాటి లోపలికి కూడా రాలేదు. ఆ వేళ నాకు కలిగిన సంతోషం ఏ సన్మానంలోనూ కలగలేదు.

గంట కొట్టేశారు, మిగతా కాగితాలు మడిచేస్తున్నాను. ఒక్క సాయం చేయండి. రేపు హాజరు పిలిచేటప్పుడు ఒక్కో పేరు దగ్గర క్షణం ఆగండి. ఎవరి గొంతు మీకు గుర్తు రావడం లేదో ఆ పేరు రాసి నాకివ్వండి. పిల్లను నా గదికి పంపక్కర్లేదు, నేనే మీ తరగతికి వస్తాను.