ఎలోతే: మెక్సికో వీధి మొక్కజొన్నను మన బండి మీది కంకితో ఇంట్లో చేసే పద్ధతి

[దృశ్యం: బొగ్గుల మీద కాలుతున్న కంకి. తరువాత అదే కంకి మీద తెల్లటి పూత, చీజ్ పొడి, ఎర్రటి కారం.]

వ్యాఖ్యానం: నమస్కారం. మెక్సికో నగరాలలో సాయంత్రం పూట తోపుడు బండ్ల మీద అమ్మే మొక్కజొన్న కంకిని అక్కడివారు ఎలోతే అంటారు. ఉడికించిన లేదా బొగ్గుల మీద కాల్చిన కంకిని పుల్లకు గుచ్చి, మయోనీజ్ గానీ మీగడ గానీ పట్టించి, ఉప్పటి చీజ్ పొడిలో దొర్లించి, కారం చల్లి, నిమ్మకాయ పిండి చేతికిస్తారు. దానిని మన వంటింట్లో, మన అంగళ్లలో దొరికే సరుకులతో చేసే విధానాన్ని ఈ వీడియోలో చూద్దాం.

అన్నిటికంటే ముందు కంకి సంగతి తేల్చుకోవాలి. మన దగ్గర ఈ వంటకం చేసేవారు చాలామంది సూపర్ మార్కెట్ నుంచి స్వీట్ కార్న్ తెచ్చుకుంటారు. మెక్సికో బండ్ల మీద సాధారణంగా ఉండేది అది కాదు. అక్కడ వాడేది తీపి తక్కువగా, పిండి పదార్థం ఎక్కువగా ఉండే తెల్ల మొక్కజొన్న. నమిలినప్పుడు పంటికి ఆనే గింజ దానిది. మధ్య మెక్సికోలో కకవసింత్లే అనే పెద్ద గింజల రకానికి ఎంతో ఆదరణ ఉంది. కాబట్టి వానాకాలంలో మన వీధి చివర బొగ్గుల మీద విసురుతూ కాల్చి అమ్మే మామూలు కంకి, తెలంగాణలో మక్క కంకి అని పిలుచుకునేది, స్వీట్ కార్న్ కంటే అసలు ఎలోతేకు ఎంతో దగ్గర. పైన పడే మయోనీజ్, చీజ్, పులుపు, కారం అన్నీ ఘాటైన రుచులే గనుక, వాటి కింద గట్టి గింజ ఉంటేనే ఆ రుచులు నిలుస్తాయి. స్వీట్ కార్న్ తీపి వాటితో పోటీ పడుతుంది.

[దృశ్యం: కంకి పొట్టు కొద్దిగా వలిచి, గింజను గోటితో నొక్కడం.]

కంకిని ఎంచుకునేటప్పుడు పొట్టు పచ్చగా, పీచు గోధుమ రంగుకు తిరిగి కొంచెం తడిగా ఉండాలి. పొట్టు కాస్త వలిచి గింజను గోటితో నొక్కితే పాలు రావాలి. నీళ్ల లాంటి పలచటి రసం వస్తే కంకి ఇంకా లేత. ఏమీ రాకుండా గోరు పిండిలో దిగినట్టు ఉంటే అది ముదిరిపోయింది. ముదురు కంకిని పారేయనక్కరలేదు గాని ఎక్కువసేపు ఉడికించాలి. కోసిన తరువాత గింజలోని చక్కెర పిండిగా మారుతూనే ఉంటుంది కాబట్టి, తెచ్చిన రోజే వండుకోవడం మంచిది.

ఇక్కడ చిన్న చరిత్ర చెప్పుకోవాలి. దక్షిణ మెక్సికోలోని బాల్సాస్ నదీలోయలో, టియోసింటే అనే అడవి గడ్డి నుంచి సుమారు 9,000 ఏళ్ల క్రితం అక్కడి రైతులు మొక్కజొన్నను సాగులోకి తెచ్చారు. మిరప కూడా మెక్సికోలో సాగుకు వచ్చిన పంటే. ఈ రెండూ అక్కడి నుంచి మన వైపు వచ్చాయి. ఎదురు దిశలో, ఆసియాలో పుట్టిన నిమ్మజాతి చెట్లను, పాడి పశువులను స్పానిష్ వారు మెక్సికోకు తీసుకెళ్లారు. ఉప్పూ కారం రాసి నిమ్మచెక్కతో రుద్దిన మన కంకిలోనూ, వాటికి చీజ్, మీగడ చేరిన ఎలోతేలోనూ ఈ రాకపోకలు రెండూ ఉన్నాయి. అందుకే ఈ వంటకాన్ని మనది కాని రుచిగా నేను ఎన్నడూ చూడలేదు.

[దృశ్యం: పనీర్, మయోనీజ్, పెరుగు, ఎండుమిరపకాయలు, నిమ్మకాయలు బల్ల మీద.]

నాలుగు కంకులకు నాలుగు టేబుల్ స్పూన్ల మయోనీజ్, మూడు టేబుల్ స్పూన్ల గట్టి పెరుగు, వంద గ్రాముల పనీర్, రెండు నిమ్మకాయలు, ఆరేడు ఎండుమిరపకాయలు, కొద్దిగా కొత్తిమీర, ఉప్పు సరిపోతాయి.

చీజ్ విషయంలో కొంత శ్రద్ధ అవసరం. మెక్సికోలో ఎక్కువగా వాడేది మిచోవకాన్ రాష్ట్రంలోని కోతీహా పట్టణం పేరుతో ప్రసిద్ధమైన కోతీహా చీజ్. నెలల తరబడి మాగబెట్టడం వల్ల అది పొడిగా, బాగా ఉప్పగా ఉంటుంది, చేతితో నలిపితే రాలుతుంది, వేడికి కరిగి సాగదు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇది చాలా దుకాణాలలో దొరుకుతుంది. ఇక్కడ మనకు పనీర్ పనికివస్తుంది, ఎందుకంటే అది కూడా వేడికి కరగదు. అయితే పనీర్‌లో తడి ఎక్కువ, ఉప్పు దాదాపు ఉండదు. అందుకని పనీర్‌ను గుడ్డలో చుట్టి అరగంట బరువు కింద ఉంచి, సన్నగా నలిపి, అర టీ స్పూన్ ఉప్పు కలిపి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు ఆరనివ్వాలి. ఈ ఒక్క పనిని వదిలేస్తే పనీర్ ముద్దలుగా అంటుకుని చప్పగా ఉంటుంది. పిజ్జాకు వాడే సాగే చీజ్‌ను మాత్రం దయచేసి వేయకండి. అది వేరే వంటకం అవుతుంది.

పెరుగును పలుచటి గుడ్డలో వేలాడదీసి నీరు వార్చి, మయోనీజ్‌తో కలిపితే మెక్సికో మీగడలోని పులుపు కొంత వస్తుంది. పచ్చి గుడ్డుతో ఇంట్లో గిలక్కొట్టిన మయోనీజ్ వాడవద్దు. ఈ పూత మళ్లీ మంట మీదికి వెళ్లదు కాబట్టి గుడ్డులో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటే అది చావదు. 2024 అక్టోబరు చివరలో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయోనీజ్‌ను ఏడాది పాటు నిషేధించినది కూడా ఇలాంటి భయంతోనే. గుడ్డు లేని మయోనీజ్ సీసా తెచ్చుకోండి, లేదా మయోనీజ్ బదులు వెన్న రాయండి; మెక్సికోలోనూ వెన్నతో తినేవారు ఉన్నారు.

కారం చివరన చల్లుతాం కాబట్టి మామూలు కారప్పొడి పచ్చి వాసన వేస్తుంది. ఎండుమిరపకాయలను సన్న సెగ మీద, నల్లబడకుండా వేయించి పొడి కొట్టుకోవాలి. రంగుకు కాశ్మీరీ మిరప ఎక్కువగా, ఘాటుకు గుంటూరు మిరప ఒకటి రెండు చాలు. అక్కడివారు ఇష్టపడే తహీన్ అనే పొడిలో కారం, నిమ్మపులుపు, ఉప్పు కలిసి ఉంటాయి. చిటికెడు ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి), ఉప్పు కలిపితే మన పొడి ఆ దారిలోకి వస్తుంది.

[దృశ్యం: కుక్కర్, తరువాత పుల్కా జాలీ మీద కంకి తిప్పుతూ కాల్చడం.]

లేత కంకినైతే కుంపటిలో బూడిద పట్టిన నిప్పుల మీద నేరుగా కాల్చవచ్చు. అన్ని పద్ధతులలో నాకు నచ్చినది ఇదే, ఎందుకంటే గింజ చర్మం మీద పడే ఆ మాడు చుక్కల రుచి మరోలా రాదు. గ్యాస్ పొయ్యి మీద చేసేవారు కంకిని ముందు కుక్కర్‌లో కప్పు నీళ్లతో మూడు కూతలు, ముదురుదైతే ఐదు కూతలు ఉడికించి, తుడిచి, మొదలు వైపు గట్టి పుల్ల గుచ్చి, జాలీ మీద పెద్ద మంటలో ఐదారు నిమిషాలు తిప్పుతూ కాల్చాలి. గింజలు చిటపటలాడుతూ పగులుతాయి కాబట్టి ముఖం దూరంగా ఉంచండి.

పొయ్యి మీద నుంచి దించగానే పూత రాయకండి. మయోనీజ్ అంటే నూనె, నీరు కలిసి నిలిచిన మిశ్రమం. సెగ ఎక్కువైతే నూనె విడిపోయి కారిపోతుంది. రెండు నిమిషాలు ఆగి, గింజల మీద తడి లేదని చూసుకుని, బ్రష్‌తో గింజల వరుసల సందుల్లోకి దిగేలా పలచగా రాయాలి. ఆ జిడ్డే పనీర్ పొడిని పట్టి ఉంచుతుంది, కారపు ఘాటును కూడా కొంత తగ్గిస్తుంది. తరువాత పళ్లెంలో పరచిన పనీర్‌లో దొర్లించి, కారం, కొత్తిమీర చల్లాలి. నిమ్మరసం అన్నిటికన్నా చివర, తినబోయే ముందే పిండాలి. ముందే పిండితే పూత జారిపోతుంది.

[దృశ్యం: గింజలను కత్తితో కోసి గిన్నెలో వేయడం.]

కంకిని కొరికి తినలేని పెద్దవారికి, చిన్న పిల్లలకు మరొక రూపం ఉంది. గింజలను కోసి, వెన్నలో వేయించి, కాసిన్ని నీళ్లు పోసి మగ్గనిచ్చి, కప్పులో వేసి, పైన ఇవే పూతలు, పొడులు వేస్తారు. దానిని ఎస్కీతేస్ అంటారు. మెక్సికోలో అందులో ఎపజోతే అనే ఆకు వేస్తారు. దాని ఘాటు వాసన కొత్తిమీరకు రాదు, కాబట్టి కొత్తిమీరను దానికి బదులు అనుకోకుండా దాని సొంత రుచి కోసమే వేయండి. గింజలు కోసిన బెండ్లను పారేయక ఇరవై నిమిషాలు నీటిలో మరిగించి వడకట్టితే వచ్చే రసమే, ఆ గింజలు మగ్గించడానికి మామూలు నీళ్ల కంటే ఎంతో మేలు.