కాన్‌స్పిరసీ గేమ్‌కి కావాల్సింది రాక్షసుడు కాదు, క్యాలెండర్!

1963 జనవరి 23. బేరూత్. రాత్రి, వాన. ఒక ఇంగ్లిష్ జర్నలిస్టు, ఆయన భార్య ఒక బ్రిటిష్ దౌత్యవేత్త ఇంటికి డిన్నర్‌కి వెళ్లాలి. ఆవిడ వెళ్లింది. ఆయన రాలేదు. నెలల తర్వాత తెలిసింది, మాస్కోలో ఉన్నాడని! ఆయనే కిమ్ ఫిల్బీ. బ్రిటిష్ గూఢచారి శాఖలో పెద్ద హోదాకి ఎదిగి, ఏళ్ల తరబడి సోవియట్‌కి పనిచేసినవాడు.

ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. అయినా ఒళ్లు జలదరించలేదూ?

నేను మాట్లాడేది టేబుల్ చుట్టూ కూర్చుని, పాత్రలుగా మారి, డైస్ వేస్తూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ గేమ్‌ల గురించి. అందులో చాలా రోజులు సాగే కథని క్యాంపెయిన్ అంటాం. పోయిన వీడియోలో నేను "కాన్‌స్పిరసీ క్యాంపెయిన్‌కి లవ్‌క్రాఫ్ట్ చాలడు" అన్నానని చాలామందికి కోపం వచ్చింది. లవ్‌క్రాఫ్ట్ అంటే టెంటకిల్స్ ఉన్న రాక్షసులతో భయం కథలు రాసిన అమెరికన్ రచయిత. ఆయన కథల మీద కట్టిన 'కాల్ ఆఫ్ కథుల్హు' గేమ్ 1981లో వచ్చింది, అది లేకపోతే మనలో సగంమంది ఈ ఆటలోకే వచ్చేవాళ్లం కాదు, ఒప్పుకుంటాను. కానీ అన్నమాట వెనక్కి తీసుకోను. ఇంకా గట్టిగా చెబుతాను. గేమ్ మాస్టర్, అంటే ఆటలో కథ నడిపించేవాడు, చదవాల్సిన నవల ఒక్కటే: టిమ్ పవర్స్ రాసిన 'డిక్లేర్'. 2001లో వరల్డ్ ఫ్యాంటసీ అవార్డు వచ్చిన నవల.

అందులో కోల్డ్ వార్ ఉంది, అరారత్ కొండ ఉంది, జిన్నులున్నాయి. అవన్నీ ఒక ఎత్తు, నవల చివర పవర్స్ చెప్పిన రూల్ ఒక్కటే ఒక ఎత్తు. రికార్డులో ఉన్న ఏ వాస్తవాన్నీ మార్చకూడదు. క్యాలెండర్‌లో ఒక్క రోజుని కూడా అటూ ఇటూ జరపకూడదు. జరిగింది జరిగినట్టే ఉంచి, "ఎందుకు జరిగింది?" అన్న చోట మాత్రమే దెయ్యాన్ని పెట్టాలి. అబ్బా, ఏం పట్టుదల అండీ అది!

ఫిల్బీ బేరూత్‌లో నిజంగానే ఒక నక్కను పెంచుకున్నాడు. అది మేడ మీంచి పడి చచ్చిపోతే మనిషి కుమిలిపోయాడు. జీవితచరిత్ర రాసేవాళ్లకి అదొక సరదా వివరం. పవర్స్ దాన్ని వదల్లేదు, కథలోకి లాగేశాడు!

'డ్రాక్యులా' తెలుసుగా, 1897 నాటిది. నవల మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు. 2015లో 'డ్రాక్యులా డోసియర్' అని ఒక క్యాంపెయిన్ వచ్చింది. దాని ప్రకారం ఆ నవల కథే కాదు, 1894లో బ్రిటిష్ ఇంటెలిజెన్స్ ఒక వాంపైర్‌ని తమ ఏజెంట్‌గా చేర్చుకోబోయి దెబ్బతిన్న ఆపరేషన్ రిపోర్టు! ఆ నవలనే, కొత్త భాగాలు కలిపి, హ్యాండౌట్‌గా, అంటే ఆటలో చదివి ఆధారాలు వెతుక్కునే కాగితంగా, ప్లేయర్ల చేతిలో పెడతారు. నాకు ఇప్పటికీ అసూయే.

మనం ఏం చేస్తున్నాం? ఊరికి ఒక పేరు కల్పిస్తాం, ఒక రహస్య సంఘాన్ని కల్పిస్తాం, చివర్లో టెంటకిల్స్ వేస్తాం. అంతా గేమ్ మాస్టర్ నోట్సులోంచే వచ్చిందని ప్లేయర్‌కి తెలుసు. భయం ఎక్కడినుంచి వస్తుంది? వెతికితే దొరికే తేదీ ఒక్కటి ఇవ్వండి చాలు!

నేను బేరూత్ రాత్రితో ఒక ఆట మొదలుపెట్టాను. ఒక ప్లేయర్ టేబుల్ కింద ఫోన్ తీసి వెతుకుతున్నాడు, చూస్తూనే ఉన్నాను. కాసేపటికి ఫోన్ బోర్లా పెట్టేశాడు. డైస్ ముట్టుకోలేదు.

"ఇది నువ్వు కల్పించింది కాదా?" అన్నాడు.

"నక్క కూడా కాదు" అన్నాను.